పానీ అన్నా నీళ్లన్నా

మా ఇళ్లల్లో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా చదివిస్తాం. కొత్తబట్టలు తొడిగి, మెడలో పూలహారం వేసి, పెద్దల ముందు కూచోబెట్టి మొదటి అక్షరం పలికిస్తాం. హిందువుల ఇళ్లల్లో అక్షరాభ్యాసం ఎట్లాగో మాకిది అట్లా. ఆ తర్వాత బిడ్డను గల్లీలోని ఉస్తానీమా దగ్గరికి పంపేవాళ్లం. ఆమెకు జీతమంటూ ఉండేది కాదు. ఇచ్చింది తీసుకునేది. ఇజ్జత్ మాత్రం ఉండేది.

మా పేద బస్తీల బిడ్డలు ఆ ఈడుకన్నా ముందే, మూడేళ్లకే అంగన్‌వాడీ గడప తొక్కుతున్నారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసిడిఎస్ పథకం ఇది. బిడ్డకు సర్కారు మొదట కనిపించేది కలెక్టరు రూపంలో కాదు, పోలీసు రూపంలో కాదు. ఈ టీచరమ్మ రూపంలో. అందుకే ఆమె మా బిడ్డను ఎట్లా పిలుస్తుందన్నది మాకు చిన్న సంగతి కాదు.

మా బిడ్డ ఇంట్లో ‘పానీ హోనా’ అంటాడు. ‘నక్కో’ అంటాడు. ఆ మాటకు పక్కపిల్లలు నవ్వి, టీచరూ నవ్విందా, మర్నాటి నుంచి వాడు దాహమైనా నోరు విప్పడు. తెలుగు రాక కాదు, సిగ్గుతో. ‘పానీ అన్నా నీళ్లన్నా ఒకటే బేటా’ అని ఆమె గ్లాసు చేతికిస్తే, కొన్నాళ్లకు రెండు మాటలూ వాడివే. మేం రెండు భాషల్లో బతుకుతున్నవాళ్లం. ఒకటి నేర్చుకోవడానికి ఇంకోదాన్ని చంపుకోనక్కర్లేదని మాకు తెలుసు. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలంటుంది రాజ్యాంగం 350-ఎ అధికరణం. ఆ దశకు ముందే బిడ్డ నోరు మూతపడితే ఆ హామీ ఎవరికి?

అయితే ఈ భారమంతా ఆ ఒక్క మనిషి నెత్తిన పెట్టి మేం తప్పుకోలేం. ఆమె పని ఆటపాటలతో అయిపోదు. పిల్లల బరువు తూచాలి, ఎత్తు కొలవాలి. గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం అందించాలి. టీకాల రోజున తల్లుల్ని పిలుచుకు రావాలి. రిజిస్టర్లు చాలవన్నట్టు 2021 నుంచి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ కూడా నింపాలి. చాలాచోట్ల ఓటర్ల జాబితా పనీ ఆమెదే. ఇంత చేయించుకుంటూ సర్కారు ఆమెను ఉద్యోగి అనదు. ఇచ్చేదాన్ని జీతం అనదు, ‘గౌరవ వేతనం’ అంటుంది. ఉస్తానీమాకు జీతం లేకున్నా ఇజ్జత్ ఉండేది. ఈమెకు గౌరవం వేతనం పేరులోనే మిగిలింది.

గ్రాట్యుటీ వీళ్లకూ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగి 42 రోజులు నిలబడితే, మధ్యలోనే ఎస్మా ప్రయోగించారు. ఉద్యోగులు కానివాళ్లు పని ఆపితే అత్యవసర సేవ ఆగిపోయిందట!

మా బస్తీల్లో ఉర్దూ తెలిసిన ఆడపిల్లల్ని టీచర్లుగా తీసుకోండని మేం అడుగుతాం. ఉర్దూ రాని టీచరైనా మా బిడ్డను ‘పాతిమా’ అనకుండా ‘ఫాతిమా’ అని పిలవాలని అడుగుతాం. అడిగే హక్కు మాకుంది. సొంత పేరుతో పిలిపించుకోలేకపోవడం ఎంత బాధో తెలిసినవాళ్లం గనుక, ఆ టీచరమ్మను ఉద్యోగి అని పిలవండని కూడా మేమే అందరికన్నా ముందు అడగాలి.