గొట్టపు బావి నీరు

పదార్థమనగానే గట్టితనం జ్ఞప్తికి వచ్చుట సహజం. రాయి, ఇనుము, టేకు దూలం వీటి విలువ వాటి నిండుతనంలో ఉన్నది. కాని కొన్ని పదార్థాలకు బోలుతనమే గుణం. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆ బొగ్గును మిక్కిలి వేడిమిలో ఆవిరి సోకునట్లు చేసినచో, దానిలో కంటికి కనబడని రంధ్రాలు అసంఖ్యాకంగా ఏర్పడుతవి. అట్టి బొగ్గు ఒక్క గ్రాములో ఉన్న రంధ్రాల గోడలన్నిటిని విప్పి పరచగలిగితే సుమారు 1,000 చదరపు మీటర్ల నేలను కప్పివేయును. నీటిలోని దుర్వాసన, రంగు, కుళ్ళిన ఆకుల సారం ఆ గోడలకు అంటుకొని నిలిచిపోతవి.

అయితే ఇంట చోటున్నంత మాత్రాన ప్రతివాడూ వచ్చి కూర్చుండడు. ఈ సత్యానికి బెంగాల్ నీటి కథయే నిదర్శనం.

చెరువుల నీరు త్రాగి బిడ్డలు అతిసారంతో మరణిస్తూండగా, 1970ల నుండి బంగ్లాదేశ్ పల్లెలలో గొట్టపు బావులు విస్తారంగా వెలసినవి. నీరు తేటగా ఉన్నది, వాసన లేదు, రుచికి లోపం లేదు. కాని 1980ల తొలినాళ్ళలో, అరచేతులు మొద్దుబారి, ఒంటిపై నల్లని మచ్చలు పడినవారు పశ్చిమ బెంగాల్ గ్రామాల నుండి కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు రాసాగినారు. చర్మవైద్యులు కె.సి. సాహా ఆ మచ్చల వెనుక ఉన్నది పాషాణమని, అనగా ఆర్సెనిక్ అని, గుర్తించినారు. 1993లో బంగ్లాదేశ్ బావులలోను అదే బయటపడినది. లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఎన్నో బావులలో అంతకు అనేక రెట్లున్నది. రోగభయంతో చెరువును విడిచినవారికి తేటనీరే విషమైనది.

ఈ పాషాణాన్ని పట్టుటలో బొగ్గు బలహీనం. దానికి చుట్టరికం ఇనుప తుప్పుతో. కాని మెత్తని తుప్పుపొడిని గొట్టంలో నింపితే నీరు పారదు. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన అరూప్ సేన్‌గుప్తా ఈ చిక్కునకు పాలిమర్‌లో పరిష్కారం వెదకినారు. ఆవగింజ కంటె చిన్నవైన పాలిమర్ గుళికల రంధ్రాలలో అతిసూక్ష్మమైన తుప్పు రేణువులను ఇముడ్చుట ఆ ఉపాయం. గుళికకు ధనావేశం ఉన్నది; నీటిలోని ఆర్సెనేటుకు ఋణావేశం. అందుచేత విషం తనంత తానే లోనికి పోయి తుప్పును అంటిపెట్టుకొనును. గుళిక నిండినప్పుడు క్షారజలంతో కడిగి మరల వాడుకొనవచ్చును.

బొగ్గునకు మాత్రం పని లేకపోలేదు. బంగ్లాదేశ్‌కు చెందిన రసాయనశాస్త్రజ్ఞులు అబుల్ హుస్సామ్ రూపొందించిన సోనో వడపోతలో పై బకెట్టున ఇసుక, ఇనుము ఉండగా, క్రింది బకెట్టున ఇసుక, ఇటుక ముక్కలతో పాటు కట్టెబొగ్గు ఉన్నది. పాషాణాన్ని ఇనుము పట్టును. మిగిలిన మలినాలను బొగ్గు పట్టును. 2007లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీ గ్రెయింజర్ బహుమతులలో హుస్సామ్‌కు పది లక్షల డాలర్ల స్వర్ణ పురస్కారం, సేన్‌గుప్తా బృందానికి రెండు లక్షల డాలర్ల రజత పురస్కారం లభించినవి.

బహుమతితో కథ ముగిసినదనుకొనుట పొరపాటు. గుళిక ఎంత గొప్పదైనను ఒకనాటికి నిండును. నిండినదని నీరు చెప్పదు. మునుపటి వలెనే తేటగా పారును, రుచీ మారదు. కనుక ఎవరో ఒకరు నీటిని పరీక్షింపించవలెను, గుళికలను కడిగించవలెను, కడిగిన విషజలం మరల మట్టిలోనికి ఇంకకుండ కాపాడవలెను. సేన్‌గుప్తా బృందం పశ్చిమ బెంగాల్ పల్లెలలో చేతిపంపుల వద్ద శుద్ధి యంత్రాలను నెలకొల్పినప్పుడు, వాటి బాధ్యతను గ్రామస్థుల సంఘాలకే అప్పగించినారు. నీరు తీసుకొనే కుటుంబాలు నెలనెలా కొద్దిపాటి రుసుము చెల్లించగా, ఆ సొమ్ముతో కాపలా, మరమ్మతు సాగినవి. అట్టి సంరక్షణ లేనిచోట ఎంతటి యంత్రమైనను కొన్నాళ్ళకు విషజలాన్నే అందించును. పైగా అది శుద్ధజలమన్న నమ్మకాన్ని కూడ కలిగించును. ఆ నమ్మకం పాషాణం కంటె ప్రమాదం.

పరిశోధకుని పని ప్రయోగశాలలో గుళిక తయారగుటతో తీరదు. దానిని కడుగుటకు ఊరిలో ఒక చేయి సిద్ధమైననాడే ఆ గుళిక సంపూర్ణమగును.