మొరీనా చెరువు కాడ, సరిహద్దు దగ్గర

అమెరికాలో శాన్ డియేగోకు తూర్పున, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో లేక్ మొరీనా అని కౌంటీ వాళ్ల పార్కు ఒకటుంది. సుమారు 3,000 అడుగుల ఎత్తు, చుట్టూ కొండలు, ఓక్ చెట్ల నీడ. మంచం, పొయ్యి అన్నీ లోపలే ఉండే ఆర్వీ బండ్లు తెచ్చుకున్నవాళ్లు కరెంటు, నీళ్లు తగిలించుకుని రెండు మూడు రోజులు ఉండిపోతారు. అక్కడే స్థిరపడిన మా చిన్నాయన కొడుకు కుటుంబంతో మేమూ పోయినాము.

మా బళ్లారి వాళ్లకు ముందు నచ్చేది ఆ చెరువు కథ. 1912లో కట్ట పూర్తయింది గానీ నీళ్లు నిండలేదు. హాట్‌ఫీల్డ్ అనే ఆయన వాన కురిపిస్తానంటే నగరసభ 10,000 డాలర్లకు ఒప్పుకుంది. ఆయన చెరువు పక్కన మంచె కట్టి ఏవో మందులు ఆవిరి పట్టినాడు. 1916 జనవరిలో కురిసిన వానకు చెరువు నిండింది, కింద లోయర్ ఓటే కట్ట తెగి మనుషులు కొట్టుకుపోయినారు. వాన దేవుడిచ్చింది అని నగరం ఆయనకు డబ్బివ్వలేదు. మా అవ్వ వింటే "కప్పతల్లి అయితే కూలి అడగదు" అని ఉండేది.

మెక్సికో కంచె కాడ మొదలై కెనడా దాకా 2,650 మైళ్లు పోయే కాలిబాట ఈ పార్కు మీదుగానే పోతుంది. సుమారు 20 మైళ్లు నడిచి వచ్చినవాళ్లు ఇక్కడ బూట్లు విప్పి కూర్చుంటారు.

ఆ కంచె రాకముందు నుంచి ఈ నేల కుమియాయ్ జనానిది. ఓక్ కాయల పప్పును బండగుంతల్లో దంచి, నీళ్లతో చేదు పోగొట్టి, మన అంబలి లాగా కాచుకునేవాళ్లు. 1848 ఒప్పందంతో గీసిన గీత వాళ్ల మధ్యలోంచి పోయింది. అన్నదమ్ములు అటూ ఇటూ అయినారు. చుట్టాల ఇంటికి పోవాలన్నా కాగితాలు చూపించాలి. వాళ్ల భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు రెండు వైపులా తక్కువే.

ఇది విని మా అన్న కూతురు "మనకూ ఇట్లా గీత ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటుపోయినాయి, బళ్లారి మైసూరులో కలిసింది. మేము బడిలో కన్నడం చదివినాము, ఇంట్లో తెలుగు మాట్లాడినాము. కానీ రెండూ ఒకటే అనలేము. మన గీత మీద ఉక్కు గోడ లేదు. ఆదోని బస్సెక్కితే టికెట్టు తప్ప ఏమీ చూపించక్కర్లేదు. పెళ్లికీ చావుకూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాము.

అందుకే, రేపు మన ఇండ్లలో తెలుగు పోతే ఆ నెపం గీత మీద వేయడానికి లేదు. ఆ పాపకు జవాబు మేము తెలుగులోనే చెప్పినాము. సగం అర్థమైంది, మిగతా సగం మళ్లీ అడిగింది.