అటక మీద దూది, బోర్డు దగ్గర నంబరు

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్ళు రెండు రకాలు. ఆటిక్‌లోకి తల పెట్టి చూసినవాళ్ళు, చూడనివాళ్ళు. ఆటిక్ అంటే మన అటకే లెండి. మన అటక మీద ఇత్తడి బిందెలూ, పాత జాడీలూ ఉంటాయి. ఇక్కడి అటక మీద ఉండాల్సింది దూది. అంటే నిజం దూది కాదు, గాజుపీచో, పాత పేపర్లు పొడి చేసిన సెల్యులోజో. అది పల్చగా ఉంటే ఎండాకాలం ఏసీ, చలికాలం హీటరు మన జీతం తింటూ కూర్చుంటాయి.

మాది ఫ్రీమాంట్‌లో 1960ల నాటి ఇల్లు. పైన మూడంగుళాల పాత గాజుపీచు మిగిలింది. అంగుళానికి సుమారు ఆర్-2.5 చొప్పున లెక్కేసుకుంటే ఆర్-8 కూడా లేదు. ఆర్-38 కావాలంటే ఊదే గాజుపీచు 15 అంగుళాల మందం దాకా ఉండాలి. సరే, చేయిద్దామని ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. 1,900 డాలర్లు, 2,600, 3,400. మన బుర్ర వెంటనే ఎటు పరిగెడుతుందో మీకు తెలుసు.

1,900 ఆయన మా వాట్సాప్ గ్రూపు సిఫార్సు. కాగితం లేదు, నంబరు లేదు, క్యాష్ ఇస్తే ఇంకో వంద తగ్గిస్తానన్నాడు. "మెటీరియల్ కొనాలి, 800 ముందివ్వండి" అన్నాడు. కాలిఫోర్నియాలో ఇంటి పనులకి అడ్వాన్సు 10 శాతం లేదా 1,000 డాలర్లు, రెండిట్లో ఏది తక్కువైతే అంతకి మించి తీసుకోకూడదు. అంటే ఈ పనికి 190 డాలర్లు. ఆయన అడిగింది దానికి నాలుగు రెట్లు.

మా ఫ్రెండొకడు భలే లాజిక్ చెప్పాడు. "గురూ, ఈ రాష్ట్రంలో లైసెన్సు లేనివాడు బాకీ కోసం కోర్టుకెళ్ళలేడు. పైగా మనం ఇచ్చిన డబ్బంతా వెనక్కి అడగొచ్చు. అలాంటివాణ్ణి పెట్టుకుంటే మనకే లాభం కదా!" చట్టం వరకూ వాడు చెప్పింది కరెక్టే. 1,000 డాలర్లు దాటిన పనికి లైసెన్సు ఉండి తీరాలి (2025 జనవరి 1కి ముందు ఆ హద్దు 500 ఉండేది). లేనివాడి గతి వాడు చెప్పినట్టే. కానీ ఎండలో మన అటకెక్కి, ముక్కులో గాజుపీచు పీల్చుకుని దిగినవాడికి డబ్బు ఎగ్గొట్టే ప్లానుతో పని మొదలెట్టడం నాకు మింగుడు పడలేదు. అదే మాట వాడితో అంటే, "నువ్వు మారవు బాసూ" అన్నాడు.

ఇక రెండో ఆయన. చక్కటి మనిషి, ఓపిగ్గా మాట్లాడాడు. రాష్ట్ర లైసెన్సు బోర్డు సి.ఎస్.ఎల్.బి. సైట్లో నంబరు కొట్టి చూశాను. చూడాల్సినవి నాలుగే.

1. లైసెన్సు యాక్టివ్‌గా ఉందా? కాంట్రాక్టు మీది పేరూ అక్కడి పేరూ ఒకటేనా?

2. ఏ క్లాసు? ఇన్సులేషన్‌కి సి-2. దానికి కనీసం నాలుగేళ్ళ అనుభవం చూపించాలి. బి అంటే జనరల్ బిల్డరు. పని ఒక్క ఇన్సులేషనే అయితే, బి మాత్రమే ఉన్నవాడు దాన్ని సి-2 ఉన్నవాడితో చేయించాలి.

3. బాండు ఉందా? 2023 నుంచీ 25,000 డాలర్లు. ఇది మన ఒక్క ఇంటికి ఇన్సూరెన్సు అనుకునేరు, కాదు. ఆయన మీద ఫిర్యాదు చేసినవాళ్ళందరూ పంచుకోవాల్సిన మూట.

4. వర్కర్స్ కాంపెన్సేషన్, అంటే పనివాళ్ళ ఇన్సూరెన్సు ఉందా?

మొదటి మూడూ శుభ్రంగా ఉన్నాయి. నాలుగో దాని దగ్గర "మినహాయింపు, పనివాళ్ళు లేరు" అని ఉంది. ఫోన్ చేసి "పైకి ఎవరెక్కుతారండీ?" అనడిగాను. "మా కుర్రాళ్ళు ముగ్గురొస్తారు" అన్నాడు. "మరి బోర్డు దగ్గర పనివాళ్ళెవరూ లేరని రాశారుగా?" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత "అందరూ ఇలాగే చేస్తారండీ" అన్నాడు.

నాకు గుచ్చుకుంది ఇదే. అటక మీద నడవడమంటే దూలం మీద దూలం మీద అడుగెయ్యడం. మధ్యలో ఉండేది సగం అంగుళం సీలింగు బోర్డు మాత్రమే. కాలు జారితే మనిషి హాల్లోకి పడతాడు. అప్పుడు ఆ కుర్రాడి ఆసుపత్రి బిల్లు ఎవరిది? కాంట్రాక్టరుకి ఇన్సూరెన్సు లేకపోతే అది చుట్టూ తిరిగి ఇంటాయన గుమ్మం ముందుకి రావచ్చు. కాంట్రాక్టరుకి లైసెన్సే లేకపోతే ఇంటాయన్నే యజమానిగా లెక్కకట్టే అవకాశం కూడా ఇక్కడి చట్టంలో ఉంది. మన సంగతి అటుంచండి. కాలు విరిగిన ఆ కుర్రాడి ఇంటి అద్దె ఎవరు కడతారు? 2,600కీ 3,400కీ మధ్య తేడాలో కొంత ఆ కుర్రాడి కాలు ఖరీదు.

మన ఊళ్ళల్లో మేస్త్రీకి లైసెన్సు ఎవరడుగుతారు అంటారా? నిజమే, అడగరు. ఎందుకంటే ఆ మేస్త్రీ పక్కవీధిలోనే ఉంటాడు. గోడ బీటలిస్తే మా తాతయ్య వాళ్ళింటికెళ్ళి "ఏరా!" అనేవాడు. మేస్త్రీ పేరే వాడి లైసెన్సు. ఇక్కడ పొద్దున వ్యానులో వచ్చినవాడు సాయంత్రానికి ఏ ఊళ్ళో ఉంటాడో తెలీదు. పక్కవీధి చేసే పనిని ఇక్కడ ఆ నంబరు చేస్తోంది. అంతే, అంతకంటే ఎక్కువ చెయ్యదు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన పని బాగా చేస్తాడని కాదు. ఏదన్నా తేడా వస్తే ఎవరు భరిస్తారన్నదే లైసెన్సు చెబుతుంది. పని నాణ్యత మనమే టెస్ట్ చేసుకోవాలి. ఊదే ఇన్సులేషన్‌లో పాత ట్రిక్కు ఒకటుంది. గాలి ఎక్కువ కలిపి ఊదితే తక్కువ బస్తాలతో కావలసిన ఎత్తు వచ్చేస్తుంది. స్కేలు పెట్టి చూస్తే 15 అంగుళాలుంటుంది, కొన్నాళ్ళకి అణిగిపోతుంది. అందుకే ఎత్తు ఒక్కటీ చాలదు, బస్తాలు లెక్కపెట్టాలి. ఏ ఆర్ విలువకి వెయ్యి చదరపు అడుగులకి ఎన్ని బస్తాలు పట్టాలో బస్తా మీదే అచ్చేసి ఉంటుంది. ఎన్ని బస్తాలు వాడారో, ఎంత మందమో, ఎంత విస్తీర్ణమో, ఆర్ విలువెంతో రాసి సంతకం పెట్టి ఇవ్వాలని 1979లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు పెట్టింది. ఇది దేశమంతటికీ వర్తిస్తుంది.

డల్లాస్, హ్యూస్టన్ వాళ్ళకి ఈ రూలే పెద్ద దిక్కు. టెక్సస్‌లో ఎలక్ట్రీషియన్‌కీ, ప్లంబరుకీ, ఏసీ వాడికీ రాష్ట్ర లైసెన్సుంది గానీ ఇన్సులేషన్ వాడికి లేదు. "మేము లైసెన్స్‌డ్ అండి" అని ఎవరైనా అంటే దేనికో అడగండి. ఇన్సూరెన్సు సర్టిఫికెట్ కాంట్రాక్టరు చేతి నుంచి కాకుండా ఏజెంటు దగ్గర్నుంచే నేరుగా తెప్పించుకోండి. అడ్వాన్సు హద్దు కూడా కాలిఫోర్నియాది మాత్రమే, అక్కడ మీరే బేరం పెట్టుకోవాలి.

ఇంకో రెండు ముక్కలు. 30 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుందని ఊరించేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది 2025 డిసెంబర్ 31 లోపు పూర్తయిన పనులతో ముగిసింది. అలాగే పాత ఇళ్ళల్లో అటక మీద గులకరాళ్ళలా మెరిసే వర్మిక్యులైట్ కనబడితే ఆస్బెస్టాస్ ఉన్నట్టే అనుకుని కదపకుండా కిందికి దిగిపోండి. అది చూసి కూడా "పర్లేదు, దాని మీదే ఊదేస్తా" అనేవాడికి నమస్కారం పెట్టి పంపించెయ్యండి.

చివరికి 3,400 ఆయనకే పని ఇచ్చాను. ఇద్దరొచ్చారు, ఇద్దరికీ ఇన్సూరెన్సుంది. ముందు వైర్లూ పైపులూ పోయే కంతలన్నీ మూసి, ఆ తర్వాతే ఊదారు. మా 1,400 చదరపు అడుగులకి కాంట్రాక్టులో 22 బస్తాలని ఉంది. డ్రైవ్‌వేలో ఖాళీ సంచులు లెక్కపెడుతుంటే అందులో పెద్దాయన నవ్వి, "లెక్కపెట్టండి సార్, ఎవరూ లెక్కపెట్టరు" అన్నాడు. ఇరవై రెండూ ఉన్నాయి.

రెండో ఆయన మాత్రం ఆర్నెల్లయినా నా బుర్రలోంచి పోవట్లేదు. చెడ్డవాడు కాదు. ఇన్సూరెన్సు కడితే రేటు పెంచాలి, పెంచితే మనలాంటివాళ్ళం 1,900 వాడి దగ్గరకి పోతాం. "అందరూ ఇలాగే చేస్తారు" అన్న మాటలో ఆ 'అందరూ' కాంట్రాక్టర్లు మాత్రమే కాదు.