దిగుటలోని నేర్పు

ఆకాశమున నెగురుట గొప్ప విద్యయే. క్షేమముగా దిగుట యంతకంటె గొప్ప విద్య. సముద్రమును దాటిన హనుమంతుడు సైతము లంకను సమీపించి, తన మహాకాయమును జూచుకొని, దానిని సంక్షేపించి, లంబగిరిశిఖరమున దిగెనని సుందరకాండము చెప్పుచున్నది. ఆతనికి బలమునకు గొదువలేదు. అయినను దిగు చోటునుబట్టి తన్ను దాను మార్చుకొనెను.

విమానములయందు మక్కువ గలవారు నేడు దేశదేశముల నున్నారు. దిగుటకు కష్టమైన విమానాశ్రయములను గూర్చి యెంత ముచ్చటించుకొన్నను వారికి తనివి తీరదు. హాంగ్‌కాంగులో 1998 జూలై వరకు నడచిన కైటక్ విమానాశ్రయమును వారిప్పటికిని దలచుకొందురు. అచ్చట నొక దిక్కునుండి వచ్చు విమానము, ఎరుపు తెలుపు గళ్లు చిత్రించిన కొండవైపు సూటిగా వచ్చి, కుడికి 47 డిగ్రీలు తిరిగి, కౌలూను మేడలమీదుగా దిగి, సముద్రములోనికి జొచ్చుకొనిపోయిన రన్‌వేను ముట్టవలెను. భూటానములోని పారోలో పగటివేళ, కొండలు కంటికి గానవచ్చుచున్నప్పుడే, ప్రత్యేకశిక్షణ పొందిన పైలట్లు దిగుదురు. నేపాళములోని లుక్లాలో రన్‌వే పొడవు 527 మీటర్లే. ఒక కొనను కొండగోడ, వేరొక కొనను లోయ. కడపటి క్షణములలో మరల నెగయుటకు అచ్చట తావు లేదు. కావున దిగుదమా, మరలుదమా యను నిశ్చయము ముందుగానే చేసికొనవలెను.

ఈ యభిమానులకు వేరొక వేడుకయు గలదు. విమానములు తమ యునికిని, ఎత్తును, వేగమును రేడియో తరంగములచే క్షణక్షణమును ప్రకటించుచుండును. చిన్న యాంటెన్నా గలవారు ఇంటనే వానిని గ్రహించి, ఏ విమానమెచట నున్నదో పటముపై జూతురు. ఒక్కొకప్పుడు తిన్నగా సాగుచున్న గీత విమానాశ్రయము చెంత చుట్టుతిరిగి, మరల మొదటి త్రోవకు వచ్చును. విమానము దిగబోయి, దిగక, మరల నెగసినదని వారు గుర్తింతురు. దీనిని గో అరౌండ్ అందురు. లోపలివారు భయపడుదురు, ఎదురుచూచువారు విసుగుకొందురు. కాని యది యోటమి కాదు, విధి.

ఆ విధిని మీరినందులకు ఫలమును మన దేశమే చూచినది. మంగుళూరు విమానాశ్రయము కొండనెత్తమును చదునుచేసి కట్టినది. 2010 మే 22న దుబాయినుండి వచ్చిన విమానము తగినదానికంటె నెక్కువ యెత్తున నుండియే దిగసాగెను. మరల నెగయుదమని సహవైమానికుడు మూడుమారులు చెప్పెను, యంత్రములును హెచ్చరించెను. కాప్టెను వినలేదు. రన్‌వే సగము దాటిన పిమ్మట నేలనంటిన విమానము కొనను దాటి లోయలో బడెను. 166 మందిలో 158 మంది గతించిరి. వారిలో పొట్టకూటికై గల్ఫునకేగి యిల్లు చేరవచ్చుచున్నవారనేకులు. మన జిల్లాలనుండియు నెందరో యట్లే పోయివచ్చుచున్నారు గదా! 2020 ఆగస్టు 7న కోళిక్కోడులో, అట్టి కొండనెత్తముననే, వానలో నొకమారు మరల నెగసిన విమానము రెండవమారు రన్‌వేపై చాల దూరము పోయి నేలనంటెను. ఆ ప్రమాదమున 21 మంది మరణించిరి.

సోదరీమణులారా! కష్టమైన చోట దిగినవానిని లోకము మెచ్చును. దిగరాదని తెలిసి మరలినవాని పేరెవ్వరును దలపరు. మేము మాత్రము ఆ రెండవవానికే మ్రొక్కుదుము. మనవారు ఆలస్యముగా వచ్చినపుడు నిష్ఠురము లాడక, వచ్చినందులకు సంతసింతము. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మన యిండ్లలో చిన్నవారు, కోడండ్రు, "ఆగుడు, ఇది సరిగా లేదు" అన్నపుడు పెద్దరికమడ్డుపెట్టి వారి నోరు మూయకుందుము. మూడుమారులు చెప్పినను వినని చెవి యెంతటి యనర్థము తెచ్చునో ఆ లోయ మనకు చెప్పుచునే యున్నది.