అడవి మింగినా చావని రోడ్లు

మాంట్‌పీలియర్, వెర్మాంట్
అక్టోబరు

బాబాయి గారూ, పిన్నికి మోకాలి నొప్పి కాస్త తగ్గిందని తమ్ముడు ఫోన్లో చెప్పాడు, సంతోషం.

ఇక్కడ చూసిన వింతల్లో ఒకటి ప్రత్యేకం మీకే రాయాలనిపించింది. సర్వీసంతా గొలుసు పట్టి గట్లమ్మట తిరిగిన సర్వేయరు మీరు. దీని విలువ మన ఇంట్లో మీకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఈ రాష్ట్రంలో అడవిగా మారిపోయిన రోడ్లున్నాయి. నడిమధ్యన ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావు మేపుల్ చెట్లు నిలబడ్డాయి. బండి చక్రం ఆనక నూరేళ్లు దాటింది. అయినా ఊరి రోడ్ల మ్యాపులో ఉంటే చట్టం లెక్కలో అది రోడ్డే. వాడటం మానేసినంత మాత్రాన రోడ్డు రద్దు కాదు. ఊరి పాలకులు కదిలి వెళ్లి, కళ్లారా చూసి, పదిమంది మాటా విని, “ఈ రోడ్డు మేం వదులుకుంటున్నాం” అని రాసి సంతకం పెట్టేదాకా అది జనం సొత్తే.

వెర్మాంట్ అంటే అమెరికా ఈశాన్య మూల, కెనడాని ఆనుకుని ఉన్న కొండల రాష్ట్రం. 2020 లెక్కల్లో మొత్తం జనాభా 6 లక్షల 43 వేలు. మన విజయవాడ ఒక్కదానికీ సరితూగదు. ఇక్కడ ఏ ఊరి పెత్తనం ఆ ఊరిదే. ముగ్గురో అయిదుగురో ఎన్నికైన సభ్యుల బోర్డు పాలన చూస్తుంది. మార్చి మొదటి మంగళవారం చాలా ఊళ్లలో జనమంతా ఒక హాల్లో చేరి బడ్జెట్ మీద చేతులెత్తి ఓటేస్తారు. భూమి రిజిస్ట్రేషన్లు కూడా ఊరి క్లర్కు ఆఫీసులోనే. ఆ ఆఫీసులో ఇనప తలుపు గది ఒకటుంటుంది. అందులో రెండు వందల ఏళ్లకు పైబడిన చేతిరాత పుస్తకాలు, అట్టలు చిరిగినవి, బీరువాల నిండా.

ఆ పుస్తకాల్లోనే రోడ్ల పుట్టుక రాసి ఉంది. ఫలానా బీచ్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరానికి ఇన్ని డిగ్రీలు తూర్పుగా ఇన్ని రాడ్లు పోయి, హెమ్లాక్ మొద్దు దగ్గర తిరిగి, అక్కణ్ణుంచి ఒకరి కొట్టం మూలదాకా... ఇలా సాగుతుంది రాత. రాడ్ అంటే పదహారున్నర అడుగులు. మన గొలుసు 66 అడుగులు, నూరు లింకులు కదా. రాడ్ అందులో సరిగ్గా నాలుగో వంతు, 25 లింకులు. వేరే రాయకపోతే ఇక్కడి రోడ్డు వెడల్పు మూడు రాడ్లు, అంటే 75 లింకులు. ఎడ్మండ్ గంటర్ 1620లో ఇంగ్లండులో రూపొందించిన ఆ గొలుసే అట్లాంటిక్ దాటి వచ్చి ఈ కొండల్ని కొలిచింది, అదే మన గోదావరి చేలనీ కొలిచింది. మన సెంటు వెయ్యి చదరపు లింకులే. క్లర్కుగా ఉన్న పెద్దావిడ ఆ పుట తెరిచి చూపించగానే నేను రాడ్లను లింకుల్లోకి మార్చి చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోయి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. మా బాబాయి గారి దగ్గర అన్నాను.

రోడ్లు అడవి పాలవడానికి కారణం గొర్రెలు. లిస్బన్‌లో అమెరికా కాన్సల్‌గా పనిచేసిన విలియం జార్విస్ 1811లో స్పెయిన్ మెరీనో గొర్రెల్ని వెర్మాంట్‌లో తన పొలానికి తెచ్చాడు. ఆ ఉన్నికి గిరాకీ చూసి రాష్ట్రమంతా చెట్లు కొట్టేసి మేతబీళ్లు చేసింది. 1840 నాటికి మనుషులు మూడు లక్షల లోపు, గొర్రెలు 16 లక్షల పైన. ప్రతి గుట్ట మీదా ఇళ్లు, ఇళ్లకి రోడ్లు, బడులు, శ్మశానాలు. తర్వాత ఉన్ని ధర పడిపోయింది, పశ్చిమాన రాళ్లు లేని నల్లరేగడి నేలలు అందుబాటులోకి వచ్చాయి, జనం ఇళ్లకి తాళాలు కూడా వేయకుండా బండ్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఖాళీ బీళ్లలో చెట్లు మొలిచాయి. ఇవాళ ఈ రాష్ట్రంలో నాలుగింట మూడొంతులు అడవే. చెట్ల నడుమ నడుస్తుంటే ఉన్నట్టుండి రాళ్లు పేర్చిన నేలమాళిగ గుంట కనిపిస్తుంది. దాని పక్కన లైలాక్ పొద, ఎవరూ కొయ్యని ఆపిల్ చెట్టు. అక్కడొక ఇల్లుండేదన్నమాట. ఆ ఇంటి ముందు నుంచే రోడ్డు.

చాలాకాలం ఎవరికీ ఈ పాత రోడ్లతో పేచీ రాలేదు. న్యూయార్క్, బోస్టన్ నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి కొండల మీద ఇళ్లు కట్టుకోవడం మొదలయ్యాక వచ్చింది. ఇల్లు పొడిగించుకుంటామని అర్జీ పెట్టినవాళ్లకి, ఆ చోట పాత రోడ్డుందని ఊరు అనుమతి నిరాకరించిన సందర్భాలొచ్చాయి. కొన్నవాడికి దస్తావేజులో రోడ్డు కనిపించలేదు, నేల మీదా కనిపించలేదు. ఊరి పుస్తకంలో మాత్రం ఉంది. భూమి హక్కుకి బీమా ఇచ్చే కంపెనీలు వెనకాడాయి. 2006లో శాసనసభ 178వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం 2010 జూలై 1 నాటికి ఊరి రోడ్ల మ్యాపులోకి ఎక్కకుండా, నేల మీద ఆనవాలు కూడా లేని రోడ్లు ‘గుర్తుపట్టని దారులు’గా మిగిలాయి, 2015 జూలై 1న వాటంతటవే రద్దయిపోయాయి. ఒక్కొక్కదాన్నీ వెతికే ఓపిక లేని ఊళ్లు కనిపించని రోడ్లన్నింటినీ ఒక్క తీర్మానంతో వదులుకునే వీలు కూడా అందులో ఉండేది.

ఆ గడువు దాటకముందు జరిగిన వెతుకులాట గురించి వింటే మీకు ముచ్చటేస్తుంది. రిటైరైన మేష్టర్లు, వేటగాళ్లు, సర్వేయర్లు, చరిత్ర సంఘాలవాళ్లు జీతం భత్యం లేకుండా ఆ పాత పుస్తకాలు చదివి, దిక్సూచి పట్టుకుని అడవుల్లోకి వెళ్లారు. ఎప్పుడో పడిపోయిన బీచ్ చెట్టు ఎక్కడుండేదో రాళ్ల గోడల్ని బట్టి, నేలమాళిగ గుంటల్ని బట్టి తేల్చారు. కొన్ని ఊళ్లు అలా దొరికిన రోడ్లని మ్యాపులో ఎక్కించి నిలబెట్టుకున్నాయి, కొన్ని అన్నీ వదిలేసుకున్నాయి.

మ్యాపులో మిగిలిన పాత రోడ్లని ఇక్కడ నాలుగో తరగతి అంటారు. వీటిని బాగుచేయాల్సిన బాధ్యత ఊరి మీద పెద్దగా లేదు, శీతాకాలం మంచు కూడా తియ్యరు. అలాంటి రోడ్డు ముక్క ఒకటి వదులుకోవాలా వద్దా అని ఒక చిన్న ఊరి బోర్డు పరిశీలనకి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. పద్ధతి ఇలా ఉంటుంది: ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రోడ్డుకి రెండు వైపులా భూమి ఉన్న ప్రతి ఒక్కరికీ సర్టిఫైడ్ పోస్టులో పంపాలి, పేపర్లో వెయ్యాలి. తర్వాత బోర్డు స్వయంగా ఆ చోటికి వెళ్లి నడవాలి. ఆపైన బహిరంగ విచారణ. అర్జీదారు ఆ రోడ్డు చివర ఇల్లు కొనుక్కున్న మనిషి. వేటాడేవాళ్లు, మంచు మీద బండ్లు నడిపేవాళ్లు తన కిటికీ ముందు నుంచి పోతున్నారని ఆయన బాధ. అబద్ధం కాదు, కిటికీకి పాతిక అడుగుల్లోనే ఉంది దారి.

రాలిన ఎర్రాకుల మీద బోర్డు సభ్యులు, రోడ్ల పని చూసే మేస్త్రీ, ఓ పది మంది ఊరివాళ్లు నడిచారు. రెండు పక్కలా నాచు పట్టిన రాళ్ల గోడలు. ఒకచోట మేస్త్రీ ఆగి, మోకాళ్ల మీద కూర్చుని ఆకులు పక్కకి తోశాడు. కింద రాతి తూము! సున్నం లేదు, సిమెంటు లేదు, బండ మీద బండ పేర్చి కట్టింది. లోపల నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఇంకెవరో టేపు తీసి గోడకీ గోడకీ మధ్య పట్టారు. యాభై అడుగులకి ఆరంగుళాలు తక్కువ. నా గుండె ఎంత ఉప్పొంగిందో చెప్పలేను బాబాయ్! 75 లింకులు! కొలిచినవాడి పేరు ఎవరికీ గుర్తు లేదు, కొలత మాత్రం ఇంకా నిలబడి ఉంది.

విచారణలో ఎవరూ గొంతు పెంచలేదు. రోడ్డు ఉంటే రేపు దాని మీద ఇంకో ఇల్లు కడతారు, బాగుచెయ్యమంటారు, బడి బస్సు పంపమంటారు, ఆ ఖర్చు ఊరి పన్ను మీద పడుతుంది అని ఒకాయన అన్నాడు, అందులో నిజముంది. ఒక ముసలావిడ మాత్రం, మా అమ్మమ్మ శవపేటిక ఈ దారినే వెళ్లింది, నా మనవలు ఈ దారినే నడవాలి అంది. రోడ్డు పూర్తిగా వదులుకుంటే ఆ నేల అటూ ఇటూ ఉన్న భూయజమానులకి పోతుంది. రాష్ట్ర అటవీ శాఖ కమిషనర్‌కి కూడా ముందే కబురు పెట్టాలి, కనీసం కాలిబాటగానైనా మిగుల్చుకునే అవకాశం ఉంటుందని. బోర్డు చివరికి అదే చేసింది. రోడ్డు హోదా తీసేసి కాలిబాట హోదా ఇచ్చింది. ఇకపై అక్కడ బండి దారి అడిగే హక్కు ఎవరికీ లేదు, నడిచే హక్కు అందరికీ ఉంది.

నా మట్టుకు ఇదే సరైన తీర్పు. ఖర్చు వద్దనుకుంటే ఖర్చు వదులుకోవచ్చు, దారి వదులుకోనక్కర్లేదు. ఒక్క సాయంత్రం తీర్మానంతో పోయిన రోడ్డుని మళ్లీ సంపాదించాలంటే అడుగడుగూ కొనాలి. ఇంటాయన బాధకి మందు కిటికీ ముందు నాలుగు చెట్లు నాటడం, దారి కొన్ని గజాలు పక్కకి జరపడం. బోర్డు ఆ జరపడానికి కూడా ఒప్పుకుంది.

ఇదంతా చూస్తున్నంతసేపూ మన ఊరి చెరువు వెనక బళ్ల దారి, ఆ పుంతే మెదిలింది. మీరు చెప్పేవారు, ఒకప్పుడు రెండు బళ్లు ఎదురెదురుగా తప్పుకునేవని. పోయినసారి నేను వచ్చినప్పుడు సైకిలు పట్టలేదు. ఒక పక్క రొయ్యల చెరువు గట్టు, ఇంకో పక్క ప్రహరీ. దాన్ని ఎవరూ వదులుకోలేదు, తీర్మానం లేదు, నోటీసు లేదు, గ్రామసభలో మాట కూడా రాలేదు. అడుగడుగూ కలిసిపోయింది, అంతే. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉంది. వద్దనుకుంటే వద్దని పదిమందిలో చెప్పాలి కదా.

సంక్రాంతికి వస్తున్నాను. ఈలోగా ఎమ్మార్వో ఆఫీసులో మన ఊరి పొలాల కొలతల పుస్తకం ఎఫ్ఎంబీ నకళ్లు, గ్రామ పటం నకలు తీయించి ఉంచగలరా? పుంత ఎన్ని లింకులని అందులో ఉందో చూసి, గ్రామసభకి అర్జీ రాద్దాం. మీరు చెబుతుంటే నేను రాస్తాను. గొలుసు అటక మీద ఉంటే దింపించండి. తుప్పు పట్టి ఉంటే టేపు నేను తెస్తాను.

పిన్నికి, తమ్ముడికి, పిల్లలకి నా ఆప్యాయతలు.

మీ
శ్రీను