ఓరుగల్లు నుంచి బస్తరు దాకా

హైదరాబాదుకు ఉత్తరాన, శామీర్‌పేట ప్రాంతంలో లాల్‌గడి మలక్‌పేట్ అనే ఊరు ఉన్నది. ఆ చుట్టుపక్కలనే జీనోమ్ వ్యాలీ అంటారు. అక్కడి ప్రయోగశాలలలో మందుల మీదా, టీకాల మీదా పరిశోధనలు జరుగుతాయి. జీనోమ్ అంటే ఒక ప్రాణిలో ఉండే జన్యుసమాచారం అంతా. అందులో సగం మనకు తల్లి నుంచీ, సగం తండ్రి నుంచీ వస్తుంది.

అలాగైతే, ఏడువందల ఏళ్లనాటి రాజుల వంశం తమదని ఎవరైనా అంటే, నిజమో కాదో ఎలా తెలుసుకోవటం? అలా చెప్పుకునే వంశం ఒకటి ఉన్నది. దాని జాడ తీయాలంటే ముందు వరంగల్లు వెళ్లాలి.

వరంగల్లు కోటలో నాలుగు రాతి తోరణాలు నేటికీ నిలిచి ఉన్నాయి. కాకతీయులలో ఆఖరి రాజు ప్రతాపరుద్రుడు ఇక్కడే ఉండి పాలించాడు. 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకుని, ఆయనను బందీగా తీసుకుపోయింది. ఆయన తమ్ముడు అన్నమదేవుడు మటుకు గోదావరి దాటి, అడవులలోకి పోయి, బస్తరు రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశం వారు చెబుతారు.

దీనికి సాక్ష్యమేమిటి? మనమూ గోదావరి దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ చేరుదాం. అక్కడ శంఖినీ, డంకినీ నదులు కలిసేచోట దంతేశ్వరీదేవి గుడి ఉన్నది. ఆ దేవి దర్శనానికి వచ్చిన బస్తరు రాజు దిక్పాలదేవుడి శాసనంలో ఈ వంశక్రమం ఉన్నది. అయితే ఆ శాసనం 1703 నాటిది. అంటే, ఓరుగల్లు పడిపోయిన 380 ఏళ్లకు చెక్కినది! అందుచేత దాన్ని ఆచితూచి చదవాలి.

పోనీ, జన్యువులు తేలుస్తాయా? తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే వచ్చే వై క్రోమోజోము ఒకటున్నది. కాని ఇక్కడ అది పనికిరాదు. బస్తరు రాజు రుద్రప్రతాపదేవుడి తరవాత ఆయన కూతురు ప్రఫుల్లకుమారీదేవి రాణి అయింది. ఆమె భర్త మయూర్‌భంజ్ రాజకుటుంబం వాడు. అందుకే వారి సంతతికి భంజ్‌దేవ్ అనే పేరు వచ్చింది. ఆ మాటకొస్తే, ప్రతాపరుద్రుడు కూడా రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మకు పుట్టినవాడే!

2022లో ఈ వంశంవాడైన కమల్‌చంద్ర భంజ్‌దేవ్ కాకతీయ ఉత్సవాలకు వరంగల్లు వచ్చినప్పుడు, ఊరు ఆయనకు ఘనంగా స్వాగతం చెప్పింది.

ఇక మీ సంగతి. మీకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అవ్వలూ నలుగురు, వారి పైవారు ఎనిమిదిమంది. తరానికి 25 ఏళ్ల చొప్పున 700 ఏళ్లకు 28 తరాలు. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే, 28వ తరంలో 26 కోట్లకు పైగా వస్తారు! ఆనాడు మన దేశంలో అంత జనాభాయే లేదు. కనక ఒకే మనిషి మీ వంశవృక్షంలో ఎన్నో కొమ్మల మీద ఉంటాడన్నమాట. వారిలో రాజులు ఉంటే ఉండవచ్చు. రాళ్లు కొట్టినవారూ, చెరువులు తవ్వినవారూ, నాగలి పట్టినవారూ తప్పక ఉంటారు.

ఈ సాయంత్రం మీ అమ్మమ్మనూ, నాయనమ్మనూ వారి తల్లుల పేర్లు అడగండి. విన్నవి విన్నట్టు, తేదీ వేసి, నోటుపుస్తకంలో రాసిపెట్టండి. 380 ఏళ్లు ఆగకండి!