అక్కయ్య కబురు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మేము బరంపురంలో తలుపులు బిగించుకుని కూర్చున్నాం. మా అక్కయ్య గోపాల్‌పూర్‌లో ఒంటరిగా ఉంది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. మధ్య దూరం పదిహేను కిలోమీటర్లే అయినా, ఆమె క్షేమమని తెలియడానికి రెండు రోజులు పట్టింది. పడిన చెట్లు దాటుకుంటూ వెళ్తే, అరుగు మీద తడిసిన బియ్యం ఆరబోస్తూ కనిపించింది. "ఒక్క మాట చెప్పే దారి లేకపోయిందిరా తమ్ముడూ" అంది. ఆ మాట నన్ను వదల్లేదు.

మొన్న సెలవులకు వచ్చిన మా అబ్బాయి మూడు చిన్న రేడియోలు తెచ్చాడు. వాటికి సిమ్ము అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. తక్కువ కరెంటుతో దూరానికి చిన్న చిన్న మాటలు మోసే 'లోరా' పద్ధతి అది. అందులో ఎక్కించే 'మెష్‌టాస్టిక్' ప్రోగ్రాము 2020లో మొదలైంది. ఉచితం, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

"యాంటెన్నా బిగించకుండా ఆన్ చెయ్యకు నాన్నా, రేడియో పాడవుతుంది" అని ముందే హెచ్చరించాడు. కంప్యూటరుకు తీగ తగిలించి ప్రోగ్రాము ఎక్కించాం. ఎంతసేపటికీ కబురు వెళ్లలేదు. చూస్తే, ఏ దేశమో చెప్పడం మరిచిపోయాం! అది చెప్పేదాకా రేడియో నోరు విప్పదట. ఇండియా అని ఎంచగానే, మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ పట్టీలో పలికింది. మూడింటికీ ఒకే రహస్య తాళం పెట్టాం.

ఒకటి మా డాబా మీద, ఒకటి అక్కయ్య ఇంటిమీద, మూడోది దారి మధ్యలో మేనల్లుడి మేడమీద పెట్టాం. ఒకరి మాట అందుకుని రెండోవారికి అందించడం ఆ మధ్యదాని పని. ఫోనులో రాస్తే బ్లూటూత్ ద్వారా రేడియోకి చేరుతుంది.

ఒక్క చిక్కుంది. ఒక కబురులో సుమారు రెండువందల బైట్లే పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చాలు. తెలుగులో అక్షరానికి మూడు, గుణింతానికీ ఒత్తుకీ విడిగా ఇంకా కావాలి. "ఇంగ్లీషు లిపిలో రాయించు" అన్నాడు వాడు. అక్కయ్యకు వచ్చిన చదువల్లా తెలుగే. ఆమెకు పొదుపు కొత్త కాదు కనుక, పొడుగు కబుర్లు మానేసి క్లుప్తంగా రాయడం నేర్చుకుంది.

ఈ ఏర్పాటుకు ఇంకా తుఫాను పరీక్ష పెట్టలేదు. బ్యాటరీలు నింపి ఉంచడం మా వంతు. రోజూ సంధ్యవేళ మాత్రం ఒక కబురు వస్తుంది: "దీపం పెట్టాను. బాగున్నాను."

అది చూశాకే నేను భోజనానికి కూర్చుంటాను.